పడవ దాటింది

సోమలింగంగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు చెప్పేముందు ఆయన ఆ అడిగినవాళ్ళ చేతికి మందులు నూరే కల్వం ఇచ్చేవారు. ఏటిగట్టు పక్కన రెండు తాటాకు పాకలు. వాటినే జనం ఆశ్రమం అనేవారు. పొద్దున్న రోగులు వచ్చేవారు, సాయంత్రం శిష్యులు వచ్చేవారు. శొంఠి నూరుతూ కూచుంటే సగం ప్రశ్నలు దాంతో పాటే నలిగి పొడైపోతాయనీ, మిగిలినవే అడగదగ్గవనీ ఆయన నమ్మకం. నిజంగానే చాలామంది ఏమి అడగవచ్చారో మరిచిపోయి, చేతులు కడుక్కుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవారు.

ఆ ఆదివారం వైకుంఠరావు శొంఠి నూరాడు, పిప్పళ్ళు నూరాడు, కరక్కాయ కూడా నూరాడు. అతని ప్రశ్న మాత్రం నలగలేదు.

వైకుంఠరావు హైస్కూల్లో తెలుగు మాస్టారు. మెత్తని మనిషి. చాలా ఏళ్ళుగా గురువుగారి దగ్గరికి వస్తున్నా, పదిమందిలో గొంతెత్తి మాట్లాడడం ఎవరూ చూడలేదు. అలాంటివాడు ఆ నెలలో ఒక పని చేశాడు. బడి పిల్లలు ఆడుకునే స్థలంలో ఊళ్ళో పలుకుబడిగల ఒక పెద్దమనిషి గోదాము కట్టుకోవాలని రాళ్ళు పాతించాడు. పంచాయతీ సమావేశంలో అందరూ తల వంచుకు కూచున్నప్పుడు ఇతను లేచాడు. కూచోమన్నారు, కూచోలేదు. ఉద్యోగం సంగతి గుర్తు చేశారు, గుర్తుందన్నాడు. చెప్పదలచుకున్నది తొణక్కుండా చివరిదాకా చెప్పాడు. అతని వెనక ఒక్కొక్కరే లేచారు. సాయంత్రానికి రాళ్ళు పీకేశారు. ఇప్పుడు ఊరివాళ్ళు అతనికి సన్మానం చేస్తామని సభ పెట్టారు. వెళ్ళాలో, ఏదో వంక చెప్పి తప్పించుకోవాలో అతనికి తేలడం లేదు. సమావేశం నుంచి ఇంటికి నడిచి వస్తుంటే ఛాతీలో ఏదో మొదలైందనీ, అది ఇప్పటికీ పోలేదనీ, పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోతున్నాననీ అతను గురువుగారితో చెప్పుకున్నాడు.

దానికి పేరు వెతికాడట. గర్వం అనుకుందామంటే, గర్వించినవాడికి ఎదుటివాడు చిన్నగా కనబడాలి. తనకెవరూ చిన్నగా కనబడలేదు. సంతోషం అనుకుందామంటే సంతోషానికి ఇంత బరువుండదు. తృప్తి అంటే భోజనం అయ్యాక అనుకునే మాటలా ఉంది. ఇక అహంకారం, దర్పం, పొగరు, మిడిసిపాటు. ఈ భావం చుట్టుపక్కల మన భాషలో ఉన్న మాటలన్నీ తిట్లే. పైగా ‘నేను’ అన్నదాన్ని వదలమని గురువుగారే కదా ఇన్నాళ్ళూ బోధించింది.

“వదలడానికి నేను సిద్ధమేనండీ,” అన్నాడు వైకుంఠరావు. “కానీ ఒకదాన్ని పారెయ్యాలంటే ముందు దాని పేరేమిటో తెలియాలి కదా. అదే దొరకడం లేదు.”

సోమలింగంగారు కల్వంలోని పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇక చాలన్నారు. చేతులు తుడుచుకుని, గట్టు అవతల కనబడుతున్న గోదావరికేసి కాసేపు చూశారు. తరవాత, తాను ఇక్కడ పాకలు వేసుకున్న కొత్తలో తన దగ్గరికి వచ్చిన ఒక రోగి సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

ఆమె పేరు మరిడమ్మ. నడి ఏటిలో ఉన్న ఒక లంకలో పడవ నడిపే తాతబ్బాయి భార్య. పుట్టిల్లు దిగువన, ఏటి నీళ్ళకు ఉప్పు తగిలే చోట. మగపిల్లలు లేని తండ్రి ఆమెకు చిన్నప్పుడే పడవ తోసే గెడ పట్టడం నేర్పాడు. వెదురు గెడ అడుగున తగలగానే అక్కడ ఇసకుందో, బురదుందో, రాయుందో అరచేతికే తెలిసిపోయేలా నేర్పాడు. అత్తవారింట ఆ విద్యతో పని లేకపోయింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు పడవ మొన మీద కాలు పెట్టకూడదు. ఆడది గెడ ముట్టుకుంటే ఏరు కోపగిస్తుందని అత్తగారు లోవమ్మ కాపురానికి వచ్చిన రోజే చెప్పింది. మరిడమ్మ మారు మాట్లాడలేదు. వంకాయలు అమ్మడానికి అవతలి ఒడ్డుకు వెళ్ళేటప్పుడు, అందరితో పాటు మధ్య బల్ల మీద, బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూచునేది. మొగుడు గెడ తప్పు చోట వేశాడని తెలిసినా నీళ్ళకేసి మొహం తిప్పుకునేది.

ఒక ఏడు శ్రావణంలో ఎగువ వానలకు గోదావరి ఎర్రబడి, చూస్తుండగానే లంక అంచులు మింగింది. తాతబ్బాయి అప్పుడు లంకలో లేడు. ముందురోజే కొబ్బరిచెట్టు మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకుంటే, పొరుగువాళ్ళు అవతలి ఒడ్డున కట్టు కట్టేవాడి దగ్గర దింపి, పడవను తిరిగి తెచ్చి రేవులో కట్టేశారు. తెల్లారేసరికి నీళ్ళు గుమ్మాలు దాటాయి. జనం పిల్లల్ని ఎత్తుకుని బడి అరుగెక్కారు. సర్కారు లాంచీ వస్తుందనీ, రాకపోదనీ పెద్దవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ పూట అక్కడున్న మగవాళ్ళకు వంగతోటలు తెలుసు, పొగాకు తెలుసు. ముందురోజు పడవ తెచ్చినవాళ్ళు కూడా, నిన్నటి ఏరు వేరు, ఇవాళ్టి ఏరు వేరు, ఈ నీళ్ళలో మోకు విప్పితే చావే అన్నారు.

మరిడమ్మ అరుగు చివర నిలబడి నీళ్ళను చూస్తూ ఉంది. కొట్టుకొచ్చే దుంగలు ఎటు తిరుగుతున్నాయో, నురగ ఎక్కడ నిలుస్తోందో, సుడి ఎక్కడ లేచి ఎక్కడ పడుకుంటోందో చూస్తూ ఉంది. లాంచీ వచ్చేదాకా అరుగు ఆగదని ఆమెకు అర్థమైంది. చంకలో కూతుర్ని పక్కావిడ చేతికిచ్చి, మొలలోతు నీళ్ళలో రేవుకు నడిచి, మోకు విప్పింది. వెనకనుంచి లోవమ్మ గట్టిగా పేరు పెట్టి పిలిచింది. వినబడింది గాని తిరిగి చూడలేదు.

ముందు పిల్లల్నీ, వాళ్ళ తల్లుల్నీ, నెలలు నిండిన ఒక అమ్మాయినీ ఎక్కించుకుంది. ఎదురు పోకుండా, ఏటవాలుగా, నీళ్ళు ఎంత ఇస్తే అంతే తీసుకుంటూ అవతలి గట్టుకు చేర్చింది. ఒట్టి పడవను లంక వైపు తేవడం అంతకంటే కష్టమైంది. తెచ్చింది. మళ్ళీ చేర్చింది. అలా వెళ్తూ వస్తూ ఉండగా ఏరు ఇంకా పెరిగింది. ఆఖరున ముసలివాళ్ళు మిగిలారు. లంక వదిలి రామని మొండికేసినవాళ్ళు, వాళ్ళలో లోవమ్మ కూడా. వాళ్ళనెక్కించుకుని నడి పాయలోకి వచ్చేసరికి గెడకు అడుగు అందలేదు. పడవ గిర్రున తిరిగింది. గెడ వదిలి తెడ్డు అందుకుంది గాని, వేసిన ప్రతి తెడ్డూ వృథా అయింది. ముసలివాళ్ళు కేకలు కూడా మానేశారు.

అప్పుడు మరిడమ్మ తెడ్డు పడవలో పెట్టేసింది. చేతులు ఎత్తేసిందనుకున్నారు. ఆమె చూస్తున్నది దిగువన మునిగి ఉన్న కొబ్బరితోటను. ఏటితో పెనుగులాడితే పడవ పోతుంది. దానితో పాటే పోనిచ్చి, సరైన క్షణంలో ఒక్క తెడ్డు వేస్తే తోటలోకి దూరుతుంది. ఆ క్షణం కోసం ఊపిరి బిగబట్టి కాచుకుంది. వేసింది. పడవ మొన కొబ్బరి మట్టల్లోకి దూసుకుపోయింది. మట్ట పట్టుకుని, చెట్టు పట్టుకుని, చెట్టునుంచి చెట్టుకు లాగుతూ, అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతుండగా, ఊరు కనబడనంత దిగువన పడవను గట్టుకు చేర్చింది. లంక మనుషులు అందరూ ఒడ్డున పడ్డారు. ఒక్క ప్రాణం పోలేదు.

నీళ్ళు తీశాక గట్టు మీద సభ జరిగింది. అధికారులు వచ్చారు. పడవ తాతబ్బాయిది కనక తాతబ్బాయి పేరే పిలిచారు. అతను చెడ్డవాడు కాడు. మెడనుంచి వేలాడే చేతికట్టు, ఆ కట్టు మీద దండ. ఏం చెప్పాలో తెలియక అటూ ఇటూ చూసి కూచున్నాడు. ఇంటికొచ్చి ఆ దండ తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తీసుకెళ్ళి పడవ మొనకు వేసింది. ఎవరడిగినా లోవమ్మ ముందుగా అందుకుని, అంతా గోదారమ్మ దయ అనేది. మరిడమ్మ కూడా అదే అంది. అబద్ధమని అనుకోలేదు, ఏటి దయ లేనిదే ఏ పడవా దాటదని ఆమె తండ్రి కూడా చెప్పాడు.

ఆ తరవాత ఆమెకు అన్నం దిగకుండా పోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కూచుండిపోయేది. రుబ్బురోలు దగ్గర పిండి రుబ్బుతూ ఆగిపోయి, చెయ్యి ఛాతీ మీద పెట్టుకునేది. కూతురు పిలిస్తే ఉలిక్కిపడేది. చెంపలు పీక్కుపోయాయి. లోవమ్మ తాయెత్తు కట్టించింది, దిష్టి తీసింది, చివరికి పడవెక్కించి సోమలింగంగారి పాకకు తీసుకొచ్చింది.

“పిల్ల జడుసుకుందండి బాబుగారూ,” అంది. “వరదలో ఏదో గాలి సోకింది.”

గురువుగారు నాడి చూశారు. నాడిలో దోషమేమీ లేదు. నొప్పా అని అడిగితే మరిడమ్మ కాదంది. మంటా అంటే కాదంది. భయమా అంటే, భయం నాకు తెలుసండి, అది తోట దాకా ఉంది, తోటలో దిగిపోయింది అంది. దిగులా అంటే తల అడ్డంగా ఊపింది. కోపమా, దండ మొగుడికి వేశారనా అని అడిగారు. ఆమె నిజాయితీగా కొంచెంసేపు వెతుక్కుంది. ఆ పూట కాస్త ఉన్నట్టుంది గాని నిలవలేదంది.

“మరి బరువుగా ఉంటుందా అమ్మా?”

“బరువేనండి,” అంది మరిడమ్మ. “కానీ దింపుకోబుద్ధి కాదండి.”

గురువుగారు ఆమె చెయ్యి వదిలేశారు. నాడిలో వెతికితే దొరికేది కాదని తెలిసింది. వరదనాడు ఏం జరిగిందో చెప్పమన్నారు. అత్తగారు నోరు తెరవబోతే, కోడలే చెప్పాలన్నారు. మరిడమ్మ నేలకేసి చూస్తూ గబగబా చెప్పేసింది. నీళ్ళొచ్చాయి. జనం అరుగెక్కారు. రేవులో పడవుంది. జనం ఎక్కారు. పడవ దాటింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటింది. ఆఖరిసారి దిగువకి పోయి తోటలో ఆగింది. అందరూ ఒడ్డెక్కారు. గోదారమ్మ దయ.

“పడవ దాటింది సరేనమ్మా,” అన్నారు గురువుగారు. “దానంతటదే దాటిందా?”

“లేదండి. దాటించారండి.”

“ఎవరు?”

ఆమె అత్తగారి వైపు ఒకసారి చూసింది. లోవమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. గురువుగారు తొందరపెట్టలేదు.

“దాటించాను,” అంది మరిడమ్మ, లోగొంతుతో.

ఆ మాట తన చెవినే పడనట్టు ఇంకోసారి అంది. ఈసారి ‘నేను’ అన్నది ముందు వచ్చింది. “నేను దాటించానండి.” అంటూనే లేచి నిలబడింది. లేవాలని అనుకుని లేచింది కాదు. కూచుని చెప్పగలిగే సంగతి కాకపోయింది. ఇక మొదటినుంచి చెప్పింది. మోకు తడిసి బిగుసుకుపోతే పళ్ళతో విప్పాను. చంటిపిల్లల్ని పడవ అడుగున పడుకోబెట్టాను. ఎదురు పోకుండా ఏటవాలుగా వేశాను. గెడకు అడుగు అందనప్పుడు కంగారు పడలేదు. దుంగలు తోటవైపు తిరగడం పొద్దున్నే చూసి పెట్టుకున్నాను. తెడ్డు తీసేసినప్పుడు అందరూ నేను ఓడిపోయాననుకున్నారు. నేను కాచుకున్నాను. చెబుతున్నకొద్దీ ఆమె చేతులు రెండూ గాలిలో గెడను పట్టుకున్నాయి, పాదాలు ఎడంగా జరిగి పడవ బల్ల మీద నిలబడ్డట్టు నిలబడ్డాయి. అరచేతుల మీద మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సోమలింగంగారు తాను ఎందరో పెద్దల్ని, పండితుల్ని చూశానుగాని, అంత నిటారుగా నిలబడ్డ మనిషిని చూడలేదన్నారు.

ఆమె ఆగాక లోవమ్మ మాట్లాడింది.

“ఆఖరి పడవలో నేనున్నానండి,” అంది. “దీని కాళ్ళు వాటేసుకుని కూచున్నాను. ఎవరు దాటించారో నాకు తెలవదా? గొప్ప చెప్పుకుంటే ఏరు వింటుందని భయమండి. ఉన్నది ఒక్కగానొక్క కోడలు.”

మరిడమ్మ అత్తగారి పక్కన కూలబడింది. ఇద్దరూ ఏడ్చారో లేదో గురువుగారు చెప్పలేదు. ఆయన మందేమీ ఇవ్వలేదనీ, మజ్జిగన్నం పెట్టించాననీ మాత్రం చెప్పారు. మరిడమ్మ ఆకు ఖాళీ చేసి, సిగ్గుపడుతూ ఇంకొంచెం పెట్టించుకుంది. వెళ్ళేటప్పుడు, ఇప్పుడెలా ఉందమ్మా అని అడిగితే, ఛాతీ మీద చెయ్యి వేసి చూసుకుంది.

“ఉందండి. అక్కడే ఉంది. కానీ ఊపిరాడుతోంది.”

ఆ రోజు తిరుగు ప్రయాణంలో గెడ ఎవరు పట్టారో సోమలింగంగారు గట్టెక్కి చూశారు. లోవమ్మ మధ్య బల్ల మీద, గెడ పట్టిన కోడలికి ఎదురుగా కూచుని ఉంది. తాతబ్బాయి చెయ్యి కాస్త వంకరగానే అతుక్కుంది. ఆ తరవాత ఆ రేవులో ముందు గెడ మరిడమ్మది, వెనక చుక్కాని అతనిది. పడవెక్కిన ప్రతి కొత్త మనిషికీ లోవమ్మ వరద కథ చెప్పేది. ఆమె చెప్పే కథలో ఏటేటా నీళ్ళు పెరుగుతూ వచ్చాయి. ఒక ఏడు మొసలి కూడా వచ్చింది. మరిడమ్మ నవ్వి, మొసలి లేదు అత్తా అని దిద్దేది. మిగిలినదంతా నిజమేనా అని ఎవరైనా అడిగితే, నిజమే అనేది, గెడ ఆపకుండా.

సోమలింగంగారు ఇంతవరకు చెప్పి, పక్కనున్న ముంతలో నీళ్ళు తాగారు. వైకుంఠరావుకు ఆ లంక, ఆ తోట, ఆమె నిలబడ్డ తీరు కళ్ళకు కట్టాయి. అయినా తెలుగు మాస్టారు కదా, అడగవచ్చిన ప్రశ్న వదలలేదు. ఆమె గుండెల్లో ఉన్నదానికి చివరికి ఏ పేరు తేలిందని అడిగాడు.

గురువుగారు అదలా ఉంచి, మీ బడి స్థలం సంగతి నాకు సరిగ్గా తెలీదు, ఏమైందో చెప్పు నాయనా అన్నారు.

“పంచాయతీలో మాట వచ్చిందండీ,” అని మొదలుపెట్టాడు వైకుంఠరావు. “చర్చ జరిగింది. రాళ్ళు తీసేశారు. స్థలం బడికి నిలిచింది...”

అని ఆగాడు. తన నోటినుంచి వచ్చిన మాటలను తనే ఒక్కొక్కటిగా విన్నట్టు ఆగాడు. గట్టు మీద ఎవరో గేదెల్ని అదిలిస్తూ పోతున్నారు. వైకుంఠరావు ఒళ్ళో చేతులు తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వెన్ను నిలిచింది.

“నిలబెట్టానండీ,” అన్నాడు. “నేనే లేచాను. కూచోమన్నా కూచోలేదు. నేను నిలబెట్టాను.”

చెప్పడం అయ్యేసరికి అతని మొహంలోకి నెత్తురు వచ్చింది. ఛాతీలో ఉన్నది పోలేదు, ఇంకా పెద్దదైంది. కానీ అది ఇప్పుడు ఎవరినుంచో దాచిపెట్టినదానిలా లేదు. ఆ సభకు వెళ్తానని అప్పుడే అతనికి తెలిసిపోయింది. దానితో పాటే పాత బెదురు కూడా తిరిగి వచ్చింది.

“మరి గురువుగారూ, ‘నేను’ అన్నదాన్ని వదిలెయ్యమని మీరే కదండీ చెప్పారు?”

సోమలింగంగారు లేచి, భుజం మీది తువ్వాలు సర్దుకున్నారు.

“వదులుదువుగాని, నాయనా,” అన్నారు. “ముందు చేతికి రానీ.”